మబ్బు అని రాయండి

తార్నాకలో రాత్రి ఒంటిగంటా నలభై.
ఇన్వర్టర్ కీచుమంటోంది, ఫోనూ మోగుతోంది.
పూర్వాభాద్ర పక్కన
ఎప్పుడూ కునికిపాట్లు పడే ఆ చుక్క
గామా కిరణాల్లో ఇరవై రెట్లు మండిందట.

కోఠీలో కొన్న రెండు గడియారాలు గోడ మీద.
ఒకటి మనది, ఒకటి గ్రీనిచ్‌ది. అక్కడింకా నిన్నే.
ఆ ఐదున్నర గంటల సందులోనే
పదకొండేళ్లుగా నా కాపురం.

ముందు హాన్లేకి.
"స్టాంజిన్, లేచావా?"
"అద్దాలు తిప్పుతున్నా", పళ్లు టకటకలాడే చలిలోంచి.
గామా కిరణాన్ని ఏ అద్దమూ పట్టదు.
అది గాలికి తగిలి చచ్చిపోతూ విదిలించే
నీలి తళుకుని ఏరుకోవాలి.
రెప్పపాటుని కోటి ముక్కలు చేస్తే
అందులో ఒక ముక్కంత సేపు.

తరవాత ఎక్స్‌రే ఉపగ్రహం వాళ్లకి దరఖాస్తు.
ఎందుకు? ఎంతసేపు? ఇప్పుడే ఎందుకు?
ఆ మూడోదానికి జవాబు రాయడమంటే
చెయ్యి కాలుతుండగా నిప్పు మీద వ్యాసం రాయడం.

పుణె అవతల, రేడియో డిష్షుల దగ్గర శర్వరి నవ్వింది.
"మాకేం తొందర? మాదాకా రావడానికి నెలలు పడుతుంది."
నిజమే. అంటుకున్న ఇల్లు ఒక్కటే,
ఒక కబురు పరుగెత్తుకొస్తుంది
ఒకటి కర్ర పోటేసుకుంటూ వస్తుంది.

ఇక మన వంతు.
ఊరవతల గుట్ట మీద పాత గుమ్మటం, బుచ్చిలింగం.
మామూలు వెలుగు, కంటికి ఆనే రంగులు,
పట్టికలో సరిగ్గా నడిమి వరస.
"మేడమ్, మబ్బు వట్టింది. ఒక్క సుక్క గూడ కనవడ్తలేదు.
తలుపు తీస్తే అద్దం మీద సినుకులు వడ్తయ్."
"కాసేపు చూద్దాం."
రెండున్నర.
మూడుంబావు. మౌలాలి వైపు గూడ్సుబండి కూత.
"మేడమ్, ఏం రాయాలె?"

కిటికీ తెరిచాను.
హబ్సిగూడ దీపాలన్నీ తాగి
నారింజరంగులో ఉబ్బిపోయిన ఆకాశం.
ఇంతమందిని నిద్ర లేపినదాన్ని,
నాకేమీ కనిపించదు.
ఏడొందల కోట్ల ఏళ్లు నడిచొచ్చిన వెలుగు
మా డాబాకి రెండు కిలోమీటర్ల పైన, మబ్బు వీపు మీద
చెప్పులు విప్పుకుని కూర్చుంది.

"మబ్బు అని రాయండి, బుచ్చిలింగం గారూ.
వరస ఖాళీగా వదలొద్దు.
చూడలేదు వేరు, చూస్తే కనబడలేదు వేరు.
టైము వేసి సంతకం పెట్టండి."

"టైము మనదా, వాళ్లదా?"

"రెండూ."

గుమ్మటం ఇనుపచక్రాలు మూలుగుతూ తిరిగిన చప్పుడు
ఫోనులో చాలాసేపు.