ముప్పై ఎనిమిదో నంబరు

వెళ్లే ముందురోజు రాత్రి
సిమెంటు నేల మీద అట్టముక్క పరిచి
నా కుడికాలు దాని మీద పెట్టించింది.
"కదలకు" అంది.
పెన్సిలు బొటనవేలి చుట్టూ తిరుగుతుంటే చక్కిలిగింత.
నవ్వాను, గీత వంకరపోయింది.
మళ్లీ గీసింది. మళ్లీ వంకరే.
"పోనీలే, నీ కాలే అంత" అంది నిల్దా.

అట్ట మీద మొక్కజొన్నపిండి కంపెనీ పేరు సగం ఉంది.
దాన్ని మడవకుండా పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకుంది,
ఉన్ని కోటుకన్నా పైన.
మా సాంతు అంతావ్ దీవిలో ఎవరికీ అక్కర్లేని ఆ కోటు
పక్కింటి జెనొవేవా అరువిచ్చింది,
రోటర్‌డామ్‌లో కుదురుకున్నాక
ఎవరిచేతనైనా తిరిగి పంపమని.

పొద్దున్నే పోర్తు నోవు రేవులో ఓడెక్కింది.
మిందెలుకి గంట ప్రయాణం, అక్కణ్ణుంచి విమానం.
ఆ గంటలోనే సగంమంది వాంతి చేసుకుంటారు,
ఓడవాళ్లు అడక్కముందే సంచులు పంచుతారు.
నేను రేవుగోడెక్కి నిలబడి
అక్క సంచి తీసుకుందా లేదా అనే చూశాను.
ఏడవాలని తోచలేదు.

ఆ రాత్రి మంచంలో గోడవైపే పడుకున్నాను.
అది నా సగం.
రెండో సగంలోకి కాలు జారితే
దుప్పటి చల్లగా తగిలి మెలకువొచ్చేది,
పరాయివాళ్ల పెరట్లో అడుగుపెట్టినట్టు
కాలు వెనక్కి లాక్కునేవాణ్ణి.
కుళాయి దగ్గర వరసలో మాత్రం
ఆమె డబ్బా ఉండే చోటు నాకొచ్చింది.
ఆడవాళ్లు జరిగి దారిచ్చారు.
మా ఇంట్లో ఆస్తి పంపకం అంటే అదే.

పదకొండు నెలలకి నీలం పీపా దిగింది.
బియ్యం, నూనె, బొమ్మ చెరిగిపోయిన తువ్వాళ్లు.
చాక్లెట్లకి సబ్బు వాసన, సబ్బులకి కాఫీ వాసన,
పీపాలో తల పెట్టి ఎంత పీల్చినా
అక్క వాసన ఒక్కటే లేదు.
అడుగున బూట్లు. ముప్పై ఎనిమిది.
అచ్చంగా నా కాలే.

మరుసటేడు ముప్పై ఎనిమిది.
మడమ దగ్గర కాస్త పట్టింది.
ఆ పై ఏడూ ముప్పై ఎనిమిదే.
నాకప్పటికి మీసాలు.
"సరిపోయాయా?"
"సరిపోయాయి."
"బిగుతుగా లేవు కదా?"
"లేవు లేవు."
ఆమె వెనకాల ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది.
"ఉండు" అని ఫోను పక్కన పెట్టి,
మాకు జోలపాడే గొంతుతో ఏదో అని, మళ్లీ వచ్చింది.
ఆ పిల్ల ఎవరని నేనడగలేదు.
నా కాలు ఎంతైందని ఆమె అడగలేదు.
కార్డులో డబ్బులైపోయాయి.

ఆ బూట్లు వేసుకుని ఎదురింటి జిదోరు
రాళ్లవీధిలో బంతి ఆడతాడు.
వాడు పరుగెడుతుంటే కిటికీలోంచి ఆ చప్పుడు వింటాను.
పీపాల్లో నీళ్లు పట్టుకుంటున్నాం ఇప్పుడు.
మూడున్నాయి. నాలుగోదానికి మూత లేదు.

మొన్న ఊరికే ఒక అట్ట చింపి
నా కాలు నేనే గీసుకున్నాను.
గీత ఎక్కడా వంకరపోలేదు.
నీట్‌గా ఉంది, ఎవరి కాలో.
చాలాసేపు చూసి పొయ్యిలో పెట్టాను.

నిన్న జిదోరు గుమ్మంలో నిలబడి
ఒంటికాలి మీద గెంతుతూ బూటు విప్పి
వేళ్ల మీది బొబ్బ చూపించాడు.
"మీ అక్కకి చెప్పవా,
నా కాలు పెరుగుతోందని?"

రాత్రి ఫోనులో అన్నాను:
"అక్కా, ఈసారి ముప్పైతొమ్మిది పంపు."
అటువైపు ఏమీ వినపడలేదు.
లైను పోయిందేమో అనుకున్నాను.
"పెరుగుతున్నావురా!" అంది నిల్దా
గొంతు తడబడుతూ,
ఇరవయ్యొక్కేళ్ల నాతో.
"అవునక్కా" అన్నాను,
"కొంచెం కొంచెం."