గోధుమ రంగు పట్టీ

ఇతోమాన్ రేవు పక్కన డోజో.
జూన్ ఉక్క. చెక్కనేల.
మూడోసారి పరీక్షకు నిలబడింది తోమొయోసె షిజు,
యాభై ఎనిమిదేళ్ల చేపల మనిషి.
నడుముకి గోధుమ పట్టీ,
ఎన్నిసార్లు ఉతికినా పోని పొలుసు వాసన.

కతా మొదలైంది. పిడికిలి, అడుగు, ఊపిరి.
వెనక్కి తిరిగే చోట
రెప్పపాటు కాలం కళ్లు కిందికి వాలాయి.

ముసలి గురువు పెన్సిల్ కింద పెట్టాడు.
"నేలలో ఎవరున్నారమ్మా, నీతో కొట్లాడ్డానికి?"

నల్ల పట్టీ పెట్టెలోనే ఉండిపోయింది.
షిజు తల వంచి,
పక్కనున్న తొమ్మిదేళ్ల పిల్లాడికి
కొత్త పసుపు పట్టీ ముడి సరిచేసింది.

తెల్లవారుజామున నాలుగింటికి
ఐసుపెట్టెకీ కత్తిపీటకీ మధ్య,
చేతుల్లో బారెడు చేపతో గిర్రున తిరిగింది.
నేలంతా తడి.
చూపు మాత్రం ఎదుట నిలబడ్డ బేరం మీదే.