వాజాకి ఎరుపే కావాలి

నటేలా రాత్రంతా కూర్చుని చేసిన పోస్టర్ని
తలకిందులుగా గోడకి అంటించాడు జురాబ్ మాస్టారు.
"చదవకు. మధ్యలో ఖాళీ చూడు" అన్నాడు.
ఇంకేం చెప్పలేదు. టీ తాగడానికి పోయాడు.

ఆ రోజు నించీ తిబిలిసిలో ఏ బోర్డూ చదవలేకపోతోంది.
మందుల షాపు మీద రెండక్షరాలు అలిగి ఎడంగా నిలబడ్డాయి,
రొట్టెల కొట్టు మీద మూడు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి,
అంకెల మధ్య ఖాళీ చూస్తుండగానే
ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది.

చివరి సంవత్సరం. పోర్ట్‌ఫోలియోలో పన్నెండు పనులుండాలి.
పదకొండూ లేని కంపెనీలవే:
పుట్టని కాఫీకి, ఎవరూ తయారుచెయ్యని సబ్బుకి.
పన్నెండోది, మెట్రో మెట్ల కింద బూట్లు కుట్టే వాజా బోర్డు.
బూడిద రంగు మేలని గంటసేపు వాదించింది.
"నా కొట్టు, నా ఎరుపు" అన్నాడు
నోట్లో మేకులు తియ్యకుండానే.
డబ్బుకి బదులు ఆమె బూట్లకి
కొత్త అడుగులు కుట్టిచ్చాడు.

రేపు ఇంటర్వ్యూ.
ఆ పేజీ తీసేసింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది.
పదింటికి వానలో నడిచి వెళ్ళి చూసింది.
కొట్టు మూసుంది. ఎరుపు ఇంకా కళ్ళలో గుచ్చుకుంటోంది.
అతని పేరులో రెండో అక్షరం పక్కన
ఖాళీ వెంట్రుకవాసి ఎక్కువైంది,
అది తన తప్పే.

మేజోళ్ళు మాత్రం తడవలేదు.