సముద్రం రంగు

కొలతల పుస్తకంలో చివరి పేజీ
ఎవరి నడుమూ ఎవరి భుజమూ రాయకుండా ఉంచాను.
పైన గీత కొట్టి రాశాను:
కాయ్ నుంచి తాంజీ, రానుపోను.
కింద ఇంకా ఏమీ లేదు,
మిషన్ నూనె మరక ఒకటి తప్ప.

గోడ మీది పటాన్ని టేపుతో కొలిచాను.
తొమ్మిది అంగుళాలు.
చంటిపిల్లాడి చొక్కా చెయ్యంత.
"అంతేనా అక్కా!" అన్నాడు హరూన, కాజాలు కుడుతూ.
అంతే నాయనా,
కానీ ఈ తాను గజాల లెక్కన అమ్మరు,
సరిహద్దుల లెక్కన అమ్ముతారు.

పోయిన తబాస్కీ పండక్కి
కూజేజీ అనే ఆవిడ గౌను నా మొహాన కొట్టింది.
"సముద్రం రంగన్నావు, ఇదా సముద్రం రంగు?"
నేను సముద్రం చూడలేదు.
అద్దకం వేసిన ముసలమ్మా చూడలేదు.
అమ్మినవాడు చూశానన్నాడు గానీ
వాడి మాట ఒక్క ఉతుక్కి ఆగదు.
కూజేజీ మాత్రం చూసిందట,
డకార్ మీదుగా ఎగురుతూ, విమానం కిటికీలోంచి.
డబ్బు తిరిగిచ్చేశాను.
గౌను మడతలోంచి అరచెయ్యంత ముక్క
కత్తిరించి దాచుకున్నాను.

పదకొండుమంది ఆడవాళ్ళం చీటీ వేసుకున్నాం.
నా వంతు వానలు వెనకబట్టాక.
ఉన్న గుడ్డకే కోత వెయ్యాలి.

దిబోలీ దాకా ఉల్లిపాయల లారీ,
డ్రైవర్ పెళ్ళాం నాకు రెండు జాకెట్లు బాకీ.
ఫలెమే వంతెన నడిచి దాటితే కాళ్ళ ఖర్చే.
అక్కణ్ణుంచి ఏడుగురి బండి.
సంచి పైకెక్కిస్తే దానికి వేరే బేరం,
అందుకని ఒళ్ళో పట్టినంతే సంచి.
తంబాలో రాత్రి గరాజు బల్ల మీద,
డబ్బు నడుంగుడ్డ ముడిలో,
కునుకు ఒక కంటికే.

సిర్రే తాంజీ నుంచి మాటలు రికార్డు చేసి పంపింది,
వెనక అలల చప్పుడో, బేరాల చప్పుడో:
"జాంకుంబా, హోటల్ మాటెత్తావంటే చూడు!
చేపలు పొగబెట్టే పాక వెనక నా గదుంది.
మూడోరోజుకి వాసన తెలియదు,
మొదటి రెండురోజులకీ నాది పూచీ కాదు.
దలాసీలు సరిహద్దులో మార్చకు,
బస్సేలో మా చిన్నాన్న కొట్టుంది.
రొట్టె నువ్వు కొను, అన్నం నాది.
వస్తూ నాకో గౌను కుట్టుకురా, పాత కొలతే."
కాసేపాగి ఇంకో ముక్క:
"పాత కొలతకి రెండంగుళాలు వదులు."

ఇసక మీద గొడుగు కింద పడుకోడానికి
తెల్లవాళ్ళు డబ్బిస్తారట.
కొట్టేశాను. ఎండ మా ఊళ్ళో ఊరికే దొరుకుతుంది.
పడవ షికారు కొట్టేశాను.
ఫోటో కొట్టేశాను.
తీరాన కూర్చుని వేడివేడిగా ఒక పళ్ళెం బెనాచిన్,
కొట్టేశాను, మళ్ళీ రాశాను.

ఎలా తిప్పి కోసినా ఆరువేలు తక్కువ.

"తిరుగు ఛార్జీ తీసెయ్యి అక్కా," అన్నాడు హరూన,
నవ్వుతూనే అన్నాడు.
ఆ నవ్వు సూదిలా గుడ్డలోకి దిగి
ఇవతలికి రాలేదు.

ఈ ఊళ్ళో అలా లెక్కేసుకుని పోయినవాళ్ళున్నారు.
పేజీ పైన పోను మాత్రమే రాసుకుని
రాత్రిపూట పడవెక్కినవాళ్ళు.
హరూన వాళ్ళన్న కొలతలు
నా దగ్గర ఇంకా ఉన్నాయి, ఇరవైమూడో పేజీ:
ఛాతీ ముప్పయ్యారు, చెయ్యి ఇరవైమూడున్నర.
ప్యాంటు సగం కుట్టి ఆపాను.

తిరుగు ఛార్జీని చివర్నుంచి తీసి
మొదటి వరసలో రాశాను.
కింద రెండు గీతలు, పెన్ను కాగితం చీల్చేంత.
ఆరువేలకి బడిపిల్లల గౌన్లున్నాయి,
పన్నెండు అంచులు కుడితే వస్తాయి,
పదిహేనేమో, చూడాలి.

మధ్యాహ్నం నేను నిద్రపోయి లేచేసరికి
ఆ నీలం ముక్క మిషన్ బల్ల మీదుంది.
నాలుగు పక్కలా అంచు మడిచి కుట్టి ఉంది,
దారిలో పోగులు ఊడకుండా.
నేను చెప్పలేదు.
కుట్టు మాత్రం ఎర్రదారంతో.
నీలం అయిపోయిందట.