టిక్కెట్టు వెనక రాత్రి

పగలంతా పడి నిద్రపోతాడు కదా,
రాత్రి యాడ పడతాది నిద్ర అంటాది
కొర్లగుంట సందులో అందరి సంగతీ తెలిసిన చెంగమ్మత్త.
నేనూ అట్లనే అనుకుంటి.
రెండేండ్లు అనుకుంటి.

లెక్కల పీరియడ్‌లో బల్ల మీద వాలిపోయినాడని
బడికి పిలిపిస్తే
కండక్టరు యూనిఫారంతోనే పోయి
పిలకాయలందరి ముందర
వీపు మీద ఒకటి వేసినాను.
ఆ దెబ్బకీ మేలుకోలేదు వాడు.
సారు నా వంక చూసినాడు.
నేను నా చెయ్యి వంక చూసుకున్నాను.

ఆస్పత్రిలో ఒక రాత్రి
తలంతా జిగురు పూసి వైర్లు అంటించినారు కిరీటికి.
తెల్లారి డాక్టరమ్మ చూపించిన గీత
కిందికి దిగడం, మళ్ళీ ఎక్కడం,
ఒక్క ఫర్లాంగు కూడా తిన్నగా లేదు.
నాకు తెలిసిన దారే అది,
రోజుకు మూడు ట్రిప్పులు కొండెక్కే దాన్ని.

నిద్ర జాస్తి కాదమ్మా వీడికి, అన్నాది ఆమె.
నిద్రకీ మెలకువకీ నడమ తలుపు ఉండాది,
దానికి గడియ లేదు. పగలు అటు తెరుచుకుంటాది,
రాత్రి ఇటు.

మా డిపోలో ఒక పాత బండికి వెనక తలుపు నిలవదు.
మలుపు తిరిగితే దానంతటదే తెరుచుకుంటాది.
తాడేసి సీటు కమ్మీకి కట్టేస్తాము.
ఈ బండికి
తాడు యాడ కట్టేది?

ఎప్పుడెప్పుడు లేస్తాడో రాసుకు రమ్మన్నారు.
టిక్కెట్టు మిషన్‌లో రోలు చివర మిగిలే కాగితం,
ఎర్ర గీత పడినది, ఎవరికీ ఇవ్వనిది, ఇంటికి తెచ్చిస్తిని.
నేను రాస్తానంటే ఒప్పుకోలేదు. తనే రాసినాడు:

11.20 దాహం.
12.45 మిద్దె మీద ఎవురో పరిగెత్తినారు. ఎవురూ లేరంట.
1.30 కాళ్ళూ చేతులూ నావి కాలేదు. అమ్మా అని పిలిచినా.
నోట్లోనే ఉండిపోయింది. కిటికీ తావ పొడుగాటి మనిషి.
2.10 అమ్మ లేచింది. ఆ మనిషి పోయినాడు.

రెండూ పదికి నేను లేచేది
ఫస్టు బస్సు డ్యూటీకి.
ఆ నలభై నిమిషాలూ
వాడి పక్కనే పడుకోనున్నాను.
గురక కూడా పెట్టి ఉంటాను.

నవ్వితే మోకాళ్ళు సడలిపోతాయి వాడికి.
గుండు కొట్టించుకున్న మొగుణ్ణి గుర్తుపట్టలేక
ఇంకో గుండాయన చెయ్యి పట్టుకొని బస్సెక్కేసిన
ధర్మవరం ఆమె సంగతి చెప్పినప్పుడు
నవ్వి నవ్వి, సంగటి ముద్ద చేతిలో ఉండగానే
గోడకు జారిపోయినాడు.
కండ్లు తెరిచే ఉండాయి, అన్నీ వినపడతా ఉండాయి,
ఒళ్ళు మాత్రం లేదు.
కొన్నాళ్ళు జోకులు మానేసినాను ఇంట్లో.
వాడే అడిగినాడు, ఈ పొద్దు బస్సులో ఏమీ జరగలేదా అని.
ఇప్పుడు ముందు చాప పరుస్తాను,
వెనక రెండు దిండ్లు పెడతాను,
అప్పుడు చెప్తాను.

మొన్న రాత్రి ఒంటి గంటకు మిద్దె మీద కూర్చొని
ఘాట్ రోడ్డు లైట్లు చూస్తా అడిగినాడు:
కొండ మీద సామిని గూడా
తెల్లారకముందే లేపేస్తారు కదమ్మా,
పగలు సామి కునుకు తీస్తే
ఎవురు కొడతారు?

నా దగ్గర చిల్లర లేదు
ఆ ప్రశ్నకు.

మందు మొదలుపెట్టినాక
తొమ్మిది మెలకువలు ఆరు అయినాయి,
ఒక వారం ఐదు, మళ్ళీ ఏడు.
బడిలో మధ్యాన్నం ఇరవై నిమిషాలు
ఆఫీసు గదిలో చాప వేస్తా ఉండారు.
చెంగమ్మత్త మాత్రం మారలేదు.

నిన్న నాకు వీక్లీ ఆఫ్.
రెండూ పదికి అలవాటుగా కండ్లు తెరిస్తే
వాడు లేచి కూర్చోనుండాడు, కాగితం ఒళ్ళో,
పెన్ను మూత నోట్లో.
సగం నిద్రలో, సగం యాడో
నన్ను అడిగినాడు:
మన స్టాపు వచ్చిందా?

ఇంకా లేదు నాయనా.
నేను మేలుకోనుండా.
వచ్చినప్పుడు చెప్తా, పడుకో.

రాయలేదు ఆ మెలకువ.
మూత లేని పెన్ను
దుప్పటి మీద చుక్క పెట్టింది.