రెండు అద్దాల మధ్య

అక్టోబరు చివర్లో, కింది అంతస్తు కుర్రాడు రైవిస్
తన తొట్టిని నా చేతిలో పెట్టి
లియెపాయాలో ఉన్న వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లాడు.
టీ కప్పంత తొట్టి. అందులో ఏడు నోళ్లు.
నోటి అంచున పళ్లా, కంటిరెప్ప వెంట్రుకలా, తెలీదు.
లెక్కల పుస్తకంలోంచి చించిన కాగితం మీద షరతులు:
కుళాయి నీళ్లు వద్దు.
ఎరువు వద్దు.
వేలు పెట్టి ఆడొద్దు.
వసంతం దాకా తిండి వద్దు.
ఆఖరి 'వద్దు' కింద రెండు గీతలు.
వాడికి నా సంగతి తెలుసు.

ముప్పయ్యొక్క ఏళ్లు బడి వంటశాలలో గరిటె తిప్పినదాన్ని.
చాలు చాలంటున్నా
పళ్లెంలో ఇంకో బంగాళదుంప పడేసినదాన్ని.
అడగందే అమ్మైనా పెట్టదంటారు,
నేను పెట్టాను.

రీగాలో మా పాత ఇంటి కిటికీకి రెండు అద్దాలు,
మధ్యలో జానెడు చలి.
అమ్మ ఉన్నప్పుడు అక్కడ వెన్న దాచేది.
ఇప్పుడు నేను దీన్ని పెట్టాను,
వేసవిలో రాలిన ఈగల పక్కన.
విస్తరి ముందే నిద్రపోయిన అతిథి.

మంచు పడ్డ రోజున పెరటి బల్ల మీంచి
ఎనామెల్ గిన్నెలోకి ఎత్తుకొస్తాను.
కరిగాక, చలి విరిగాక, చెంచాతో పోస్తాను.
మా కుళాయి నీళ్లకి కెటిల్ అడుగున సున్నం కడుతుంది.
ఆ సున్నం తాగే నేను అరవై ఎనిమిదేళ్లు బతికాను.
దీనికి మాత్రం ఆకాశం నీళ్లే కావాలట,
మహారాణి!

నవంబరులో ఒక నోరు నల్లబడింది.
గోళ్ల కత్తెరతో కత్తిరించాను.
డిసెంబరులో మరో మూడు.
ప్రతిసారీ కత్తెర తుడిచి
డ్రాయరు అడుగున దాచాను,
ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా.

ఇక ఇది చెప్పేయాలి.
క్రిస్మస్ ముందు రాత్రి
పంది మాంసం వేసి బూడిదరంగు బఠానీలు వండాను,
అలవాటు కొద్దీ ఆరుగురికి.
ముద్ద దిగలేదు.
లోపలి అద్దం తెరిచి
ఆవగింజంత మాంసం
ఒక నోట్లో పెట్టాను.
చాలాసేపు ఏమీ కాలేదు.
తర్వాత సగం మూసుకుంది.
సగంలోనే ఆగిపోయింది,
పేరు గుర్తురాక ఆగిన మనిషిలా.
అయిదో రోజుకి బూజు.
తొమ్మిదో రోజుకి ఆ నోరు లేదు.

ఆదివారం ఫోన్లో రైవిస్:
"ఎన్ని మిగిలాయి, వెల్తా ఆంటీ?"
"రెండు."
"తిండి పెట్టావా?"
రెండు గీతలు గీసినవాడి గొంతు.
"పెట్టాను."
అవతల సముద్రమో, లైను గరగరో.
"పోయినేడు నేనూ పెట్టాను," అన్నాడు.
"సలామీ."

జనవరి, ఫిబ్రవరి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.
వంటకన్నా కష్టం.
ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి
ఏమీ ఉండదు.

ఇవాళ పొద్దున,
నల్లటి మొదలు మధ్యలో
జీలకర్ర గింజంత పచ్చ.
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. పచ్చే.

ఆ పక్కనే,
చచ్చాయనుకున్న ఈగల్లో ఒకటి
వెల్లకిలా పడి కాళ్లు కదిపింది,
బోర్లాపడింది, లేచింది,
అద్దానికేసి కొట్టుకుంటోంది.
లోపలి అద్దం తీస్తే నా వంటింట్లోకి.
బయటిది తీస్తే మంచులోకి.
రెండూ తీయకపోతే, ఇంకో నెలకి, ఆ పచ్చలోకి.

గొళ్లెం మీద చెయ్యి వేసి
నిలబడ్డాను,
ఎవరికి వడ్డించాలో తెలీక.