మీటర్లోళ్లు వచ్చే ముందు

ప్రమీలా, శనివారం రాత్రి మీ ఇంటికొస్తున్నరట గద
ఆ హన్మకొండ పిలగాండ్లు, మీటర్లోళ్లు.
మా ఇంటికి ఒకపాలి వచ్చిపోయిండ్రు గనుక చెప్తున్న,
యాదిల పెట్టుకో.

పాలు ముందుగాలనే కాంచు.
ఫ్రిజ్ బంద్ చెయ్యమంటరు, ఫ్యాన్లు, టీవీ,
ఆఖరికి గోడ గడియారంల సెల్లు గుడ తీపిస్తరు.
అప్పుడు ఇనవడుతది నీకు
రేకు సల్లవడుకుంట ఒక్కొక్క మొల కాడ టిక్కుమనుడు.

దయ్యం కంటె ముందు నిన్ను అడుగుతరు.
నిద్రవడుతదా? ఏమన్న గోలీలు మింగుతున్నవా?
ఇంట్ల ఎవలెవలు పోయిండ్రు, ఏ అర్రల?
సోహెబని బక్కపల్చటి పిలగాడు
మెల్లగనే అడుగుతడు, గని అడుగుతడు.
మా అత్త ఎం.జి.ఎం. దవాఖాన్ల పోయింది, అది రాసుకోలే.
మా మామ మగ్గం మీదనే.
తారీఖు అడిగిండు.
తారీఖు నాకు యాదికి లేదు ప్రమీలా,
జంపఖాన మీద నెమలి సగం దాక వచ్చి ఉండె.
సగం నెమలి అని రాసుకుండు.

నిమ్మకాయలు కోసే సాంబయ్య లెక్క గాదు వీళ్లు.
ఆయనొస్తె ఎవలు చేసిండ్రో పేరు చెప్పిపోతడు,
ఏడాది దాక నువ్వు వాళ్లతోని మాట్లాడవు.
వీళ్లు ఎవ్వల పేరు చెప్పరు.

మీటరు కీ కీ మంటది, భయపడకు,
స్విచ్ బోర్డు కాడ అందరిండ్లల్ల అంటదట.
"ఈ వైరు మార్పియ్యుండ్రి ఆంటీ, అంటుకుంటది" అన్నది వెన్నెలనే పిల్ల.
దయ్యం కంటె ఎక్కువ భయం గామెతోనే అయింది.
ఎనిమిది వందలైనయ్.

కొత్తవాడల గల్లీ సంగతి నీకు ఎరికే,
జనం జమైతరు.
ఎదురింటి మొగులయ్య గోడ మీదికెల్లి దగ్గిండు.
ఆ దగ్గు రికార్డర్ల పడ్డది,
పిలగాండ్లు కండ్లు మూసుకొని నాలుగుసార్లు ఇన్నరు.

నడిజాముల చీకట్ల కూసోని గాలిని అడుగుతరు:
"ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉంటే ఒకసారి తట్టండి."
పుస్తకం తెలుగు.
గట్ల పిలిస్తె మా మామ ఎన్నడన్న పలికిండా?
ఉండవట్టక నేనే అన్న:
"మామా, చాయ్ పెట్టాల్నా?"
ఒక్కలు నవ్వలే.

మగ్గం గుంత మీద పరిసిన షాబాద్ బండల కాడ
రెండు డిగ్రీలు తక్కువ చూపెట్టింది.
గుంత గద బిడ్డా, సల్లగనే ఉంటదన్న.
గది గుడ రాసుకుండ్రు.

మూడోనాడు కాగితం ఇచ్చిండ్రు.
నల్లల ఊళ వెట్టుడు: పైపుల గాలి.
దడేల్ దడేల్: రెండున్నరకు టేషన్ దాటే గూడ్సుబండి,
కింద బోలుగున్నది కాబట్టి మోగుతున్నది.
అడుగున ఒక్క లైను: ఏమీ లేదు.
పైసలు తీసుకోలే. చాయ్ తాగి పోయిండ్రు.

గిది నీకు ఎవ్వలు చెప్పరు, అందుకే చెప్తున్న.
ఏమీ లేదు అన్నప్పుడు జర గోడ పట్టుకో.
మూడేండ్ల సంది ఆ సప్పుడుకు లేసి కూసున్న,
తిట్టిన, దండం పెట్టిన,
మా ఆయన నైట్ డ్యూటీకి పోయిన్నాడు
ఇంట్ల ఇంకొకలున్నరు తియ్ అని
గొళ్లెం గుడ సక్కగ పెట్టలే.
ఇప్పుడు గూడ్సుబండితోని ఏం మాట్లాడాలె?

మొన్న రాత్రి గడ్డపారతోని బండ లేపిన. ఒక్కటే.
గుంతల కాళ్లేసి కూసున్న.
మన్ను సల్లగ, మెత్తగ, పాత పత్తి వాసన.
మడిమె ఒక కాడ లోపటికి దిగవడ్డది,
తొక్కుడు చెక్క కింద నలభై ఏండ్లు ఆయన మడిమె అరగదీసిన జాగ.
నా కాలుకు రెండేళ్ల మందం వదులైతుంది.

రెండున్నరకు గూడ్సు వచ్చింది.
మోకాళ్ల దాక మోగింది.
నేను కాళ్లు తియ్యలే.

గీ ముచ్చట సోహెబ్‌కు చెప్పకు,
మల్ల రాసుకుంటడు.